ఎదురెదురుగా కూర్చుని పాడేవాళ్లు

“దేవుని బలిపీఠం దగ్గరికి వెళ్తాను.” కతోలికుల పాత లాటిన్ పూజలో సిలువ గుర్తు వేసుకోగానే పూజ నడిపే గురువు నోట వచ్చే మాట ఇది. మన బైబిల్లో 43వ కీర్తన, 4వ వచనం. లాటిన్ బైబిల్లో ఇక్కడ కీర్తనల లెక్క ఒకటి వెనక నడుస్తుంది కాబట్టి అక్కడ 42. ఈ మాట అనేటప్పుడు గురువు పీఠం దగ్గర ఉండరు. మెట్ల కింద, నేల మీద నిలబడి ఉంటారు. వెళ్తాను అంటున్నారంటే ఇంకా వెళ్లలేదనేగా! పీఠం కళ్లెదుటే ఉంది, నాలుగడుగులు వేస్తే అందుతుంది. అయినా ముందు ఆగాలి, కీర్తన చెప్పాలి, పాపాలు ఒప్పుకోవాలి. మెట్టెక్కడం ఆ తర్వాతే.

పాత కతోలిక దేవాలయాల ప్లాన్ చూస్తే గుడి మొత్తాన్నీ ఈ వచనం మీదే కట్టారా అనిపిస్తుంది. పడమటి తలుపు, జనం నిలబడే పొడవాటి శాల, దాని తర్వాత పాడేవాళ్లు కూర్చునే క్వయర్, ఆ తర్వాత మెట్లు, పైన పీఠం. ఉదయించే సూర్యుడు క్రీస్తుకు గుర్తు కాబట్టి వీలైనచోటల్లా పీఠాన్ని తూర్పున పెట్టారు. రోములోని సెయింట్ పీటర్స్ బసిలికాలో మాత్రం తలుపులే తూర్పున ఉన్నాయి. మినహాయింపు ఎప్పుడూ పెద్దింట్లోనే!

పీఠం రాతిది. పై పలక మీద ఐదు చిన్న సిలువలు చెక్కి ఉంటాయి, క్రీస్తు ఐదు గాయాలకు గుర్తుగా. లోపల విశ్వాసం కోసం ప్రాణమిచ్చిన వేదసాక్షుల అవశేషాలు, పైన మూడు నారబట్టలు. గుడిలో అందరి చూపూ అక్కడికే వెళ్తుంది, వెళ్లాలి కూడా. కానీ నన్ను ఎక్కువగా పట్టుకునేది దాని ముందున్న చోటు.

మనకు క్వయర్ అంటే పాడేవాళ్లు. ఆ గుళ్లలో అది వాళ్లు కూర్చునే చోటి పేరు కూడా. రెండు పక్కలా చెక్క ఆసనాల వరుసలు, మధ్యలో ఖాళీ నేల. జనం కంటే పీఠానికి ఎంతో దగ్గరగా ఉన్న ఈ మఠవాసులు, గురువులు పీఠం వైపు తిరిగి కూర్చోరు. ఒకరి ముఖం ఒకరికి కనబడేలా ఎదురెదురుగా కూర్చుంటారు. దేవుడి ముందు కూర్చుని మనుషుల్ని చూడటమేమిటని మొదట్లో నాకు వింతగా ఉండేది.

కీర్తన మొదలైతే విషయం అర్థమవుతుంది. ఒక వరుస ఒక వచనం పాడుతుంది, ఎదుటి వరుస వింటుంది. తర్వాతి వచనం వాళ్లది, వినడం వీళ్ల వంతు. పైగా ప్రతి వచనానికీ నడుమ ఒక ఆగడం. “నీ వెలుగునూ నీ సత్యాన్నీ పంపు” అని ఆపాలి. గుడిలో ఆ స్వరం సద్దుమణిగేదాకా ఊపిరి పీల్చుకుని, “అవి నన్ను నడిపించి నీ పవిత్ర పర్వతానికి చేరుస్తాయి” అని అందుకోవాలి. కొత్తగా పాడేవాళ్లకు టెన్షనంతా అక్కడే. అందరికంటే ముందు ఒక గొంతు దూకేస్తుంది, అది తప్పకుండా బయటికి వినబడుతుంది. బాగా పాడటం కంటే పక్కవాళ్లతో కలిసి ఆగడమే కష్టం. కీర్తన చివర త్రిత్వ స్తుతి, అంటే పిత, పుత్ర, పవిత్రాత్మలకు మహిమ చెప్పే మాట, రాగానే రెండు వరుసలూ లేచి తల వంచుతాయి. అక్కడ గౌరవంగా ఆసనం వదిలి లేవాలని 6వ శతాబ్దంలోనే పునీత బెనెడిక్టు మఠవాసుల కోసం రాసిన తన నియమావళిలో చెప్పారు. కీర్తనలు పాడేటప్పుడు మన మనసు మన గొంతుతో ఏకం కావాలన్నదీ ఆయనే.

ఆ ఆసనాల పలక కింద ఒక చిన్న ముచ్చట ఉంది. గంటల తరబడి సాగే ప్రార్థనల్లో నిలబడి పాడాల్సిన భాగాలూ చాలా ఉంటాయి, పాడేవాళ్లలో ముసలివాళ్లూ ఉంటారు. కూర్చునే పలకను పైకి మడిస్తే దాని అడుగున బెత్తెడు చెక్క గట్టు బయటపడుతుంది. దాని మీద నడుము ఆనిస్తే నిలబడినట్టే ఉంటుంది, బరువు మాత్రం తగ్గుతుంది. లాటిన్‌లో దానికి పెట్టుకున్న పేరుకు అర్థం కనికరం. నియమాన్ని సడలించకుండా మోకాళ్ల మీద జాలి చూపించిన ఆ వడ్రంగి ఎవరో గానీ, ఆయనకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

జనానికీ పీఠానికీ మధ్య ఇంత ఉంటే వెనకున్నవాళ్లకు ఏం కనబడుతుంది? ఆ ఇబ్బంది నిజమే. చాలాచోట్ల క్వయర్ ముందు అడ్డుగోడ కూడా ఉండేది. కతోలిక పెద్దలు జరిపిన ట్రెంట్ మహాసభ (1545–1563) తర్వాత ఇటలీలో వాటిని వరసగా తీసేశారు. 1584లో ప్రతిష్ఠించిన రోములోని జేసు దేవాలయంలో అడ్డేమీ లేదు, తలుపులోంచే పీఠం కనబడుతుంది. దాన్ని కట్టించిన జెస్విట్ గురువులు రోజువారీ కీర్తనలను ఉమ్మడిగా పాడరు కాబట్టి వాళ్లకు ఆ ఆసనాల వరుసలతో పనిలేదు. రానురాను చాలా గుళ్లలో పాడేవాళ్లు వెనక తలుపు మీది గ్యాలరీలోకి, ఆర్గన్ పక్కకు చేరారు. పీఠం అందరికీ కనబడటం మంచిదే, కాదనను. కానీ ఎదురెదురు ముఖాలు పోయినచోట నాకు ఏదో తగ్గినట్టే ఉంటుంది.

వెనిస్‌లోని ఫ్రారీ బసిలికాలో పాత అమరిక అలాగే మిగిలింది. గుడి నడుమ పాలరాతి అడ్డుగోడ, దాని వెనక 1468 నాటి 124 చెక్క ఆసనాలు. గోడ మధ్యలో తలుపంత ఖాళీ, పైన కమాను. గుమ్మంలో నిలబడితే ఆ కమానులోంచి దూరంగా, పెద్ద పీఠం మీద టిషియన్ గీసిన మరియమాత మోక్షారోపణం ఎర్రగా వెలుగుతుంది. ఆ బొమ్మను అక్కడ నిలిపింది 1518లో. అప్పటికే అడ్డుగోడ ఉంది. దగ్గరికి వెళ్లాలంటే ఆ ఆసనాల మధ్య నుంచే నడవాలి.

మళ్లీ మెట్ల కిందికి వద్దాం. ఆ వచనాన్ని గురువు ఒక్కరే పూర్తి చేయరు. “దేవుని బలిపీఠం దగ్గరికి వెళ్తాను” అని ఆయన ఆగుతారు. పక్కన మోకరించిన పీఠబాలుడు మిగతాది అందుకుంటాడు: “నా యౌవనానికి ఆనందమిచ్చే దేవుని దగ్గరికి.” మన అనువాదాల్లో లేని ఆ యౌవనం గ్రీకు పాఠంలోంచి లాటిన్‌లోకి వచ్చింది. గురువుకు ఎనభై ఏళ్లుండొచ్చు, పిల్లాడికి తొమ్మిది. ఆ వాక్యంలో పెద్దాయన వంతు వెళ్లడం, యౌవనం అనే మాట పిల్లాడిది.