సున్నా కొడితే ఫారమ్ తిట్టింది

పీహెచ్‌పీలో (వెబ్‌సైట్లు రాసే ప్రోగ్రామింగ్ భాష) ఫారమ్ డేటా తీసుకోవడం గురించి ఎప్పటినుంచో రాద్దామనుకుంటున్నా, నిన్న రాత్రి రెండు గంటలు తినేసిన ఒక బగ్ పుణ్యమా అని ఇవాళ కుదిరింది. ఫారమ్‌లో 'పిల్లలు ఎంతమంది' అని ఒక గడి ఉంది. అందులో సున్నా కొట్టినవాళ్లందరికీ 'సరైన సంఖ్య ఇవ్వండి' అని ఎర్రక్షరాలు! పిల్లలు లేనివాళ్లు ఇంకేం కొట్టాలి మరి?

తప్పు నాదే. ఫారమ్‌లో వచ్చినదాన్ని పరీక్షించి ఇచ్చే ఫిల్టర్_ఇన్‌పుట్ ఫంక్షన్‌తో పూర్ణసంఖ్య అడిగితే, ఆ పేరుతో గడే రాకపోతే నల్ (ఏమీ లేదని) ఇస్తుంది, వచ్చింది పూర్ణసంఖ్య కాకపోతే ఫాల్స్ (కాదని), అంతా బాగుంటే ఆ సంఖ్యే. నేనేమో ఇఫ్ షరతులో 'కాదు' అని అర్థమిచ్చే ఆశ్చర్యార్థకం ఒకటి పడేసి ఊరుకున్నా, దానికి నల్, ఫాల్స్, సున్నా మూడూ ఒకటే. విలువతోపాటు దాని రకాన్నీ చూసే మూడు ఈక్వల్ గుర్తులతో విడివిడిగా పోల్చాక దారిలో పడింది.

ఈ ఫంక్షన్ పీహెచ్‌పీ 5.2లో వచ్చింది. పాతరోజుల్లో మ్యాజిక్ కోట్స్ అని ఒకటుండేది, డేటాబేస్‌కి రక్షణ అంటూ వచ్చిన ప్రతి కొటేషన్ గుర్తు ముందూ మనం అడక్కుండానే బ్యాక్‌స్లాష్ తగిలించేది. 2012లో 5.4తో పీడా వదిలింది.

ఆ ఆలోచన మాత్రం వదల్లేదు. వచ్చినదాన్ని గుమ్మంలోనే కడిగేస్తే ఇక భయం లేదని, హెచ్‌టీఎంఎల్‌స్పెషల్‌చార్స్ (వెబ్ పేజీలో ప్రత్యేక అర్థమున్న గుర్తులను కోడ్‌లుగా మార్చే ఫంక్షన్) కొట్టి మరీ డేటాబేస్‌లో దాచేవాళ్లు ఇంకా ఉన్నారు (ఒకప్పుడు నేనూ). తర్వాత అదే డేటా మామూలు ఈమెయిల్‌లోకి వెళ్తే అందులో యాంపర్‌శాండ్ పక్కన చెత్త కనబడుతుంది. ట్యాగుల్లా కనబడేవి తీసేసే ఫిల్టర్ శానిటైజ్ స్ట్రింగ్ అయితే ఎవరైనా 'లెస్ దాన్' గుర్తు, దాని పక్కనే 3 పెట్టి హృదయం వేస్తే, అక్కడినుంచి మిగతా వాక్యాన్ని కూడా కోసేస్తుంది. 8.1లో దాన్ని వాడొద్దని ప్రకటించారు, మంచి పని చేశారు. ఇప్పుడు నేను లోపలికి వచ్చేటప్పుడు సరిగ్గా ఉందా లేదా అని మాత్రమే చూస్తా, దేన్నీ మార్చను. డేటాబేస్‌కి ప్రిపేర్డ్ స్టేట్‌మెంట్ (ఆదేశాన్నీ డేటానీ విడివిడిగా పంపే పద్ధతి), పేజీ మీద చూపించే చోట మాత్రం ఎస్కేప్, అంటే ప్రత్యేక గుర్తులను కోడ్‌లుగా మార్చడం.

అసలు తలనొప్పి పేరు గడితో. అక్షరాలు తప్ప ఏవీ రావొద్దని రెజెక్స్‌లో (అక్షరాల నమూనా సరిపోల్చే సూత్రం) యూనికోడ్ 'ఎల్' వర్గం, అంటే అక్షరాల వర్గం పెడితే 'రాము'ని బయటికి గెంటేసింది, ఎందుకంటే దీర్ఘమూ కొమ్మూ యూనికోడ్ లెక్కలో అక్షరాలు కావు, అక్షరాలకు తగిలించే గుర్తుల 'ఎం' వర్గం, దాన్నీ కలపాలి. ఇక పొడవు చూడండి: అదే 'రాము'కి బైట్లు లెక్కపెట్టే స్ట్రలెన్ 12 అంటుంది, యూనికోడ్ గుర్తులు లెక్కపెట్టే ఎంబీ_స్ట్రలెన్ 4 అంటుంది, కంటికి కనబడే అక్షరాలు లెక్కపెట్టే గ్రాఫీమ్_స్ట్రలెన్ 2 అంటుంది. పేరు 50 దాటకూడదని చెప్పినవాళ్లు ఏ 50 అన్నది చెప్పలేదు, మైఎస్‌క్యూఎల్ డేటాబేస్‌లో పాఠ్యం దాచే వార్‌చార్ కాలమ్ ఎంబీ_స్ట్రలెన్ లాగే లెక్కపెడుతుంది కాబట్టి నేను దానికే కట్టేశా.