మన బడి కోలాటం: కట్టె నుంచి జడ దాకా

కట్టె మూరెడు ఉండాలి. మోచేయి నుంచి నడివేలు కొస దాకా, ఎవరి చేతికి తగ్గది వాళ్లకే. మన బడి కోలాటం జట్టులో కొత్తగా చేరినవాళ్లకు పంతులు మొదట కొలిచి ఇచ్చేది అదే. లావు బొటనవేలంత. చేవ కర్రే కావాలి, అదీ బాగా ఎండింది. పచ్చి కట్టె టక్కుమనదు, దబ్బుమంటుంది. నాలుగు రోజులాడితే కొసలు చీలి పీచు లేస్తుంది. పిడికిలి బిగించినా మోత చచ్చిపోతుంది, మణికట్టు గుంజుతుంది. కింది కొస దగ్గర వేళ్లతో వదులుగా పట్టి, పై కొసకు రెండంగుళాల కింద దెబ్బ తగిలించాలి. కొసకు కొస తగిలితే కట్టె జారి జోడీవాళ్ల వేళ్ల మీద పడుతుంది.

ఈ ఆట మన నేలకు కొత్త కాదు. కాకతీయ గణపతిదేవ చక్రవర్తి గజసాహిణి (ఏనుగుల దళానికి అధిపతి) జాయప సేనాని 13వ శతాబ్దంలో రాసిన ‘నృత్తరత్నావళి’లో 8 అధ్యాయాలున్నాయి. మొదటి 4 మార్గ (శాస్త్రీయ) పద్ధతికి, తర్వాతి 4 దేశి (ప్రాంతీయ) పద్ధతికి. ఆ దేశి ఆటల్లో కర్రలతో ఆడే దండరాసకం కూడా ఉంది. పేరిణి అనే వీరనాట్యం గురించి అందరూ చెప్తారు. దండరాసకాన్ని కూడా అంతే గర్వంగా చెప్పుకోవాలి.

మొదటి కోపు, అంటే ఆట వరస, నాలుగు దెబ్బలది. ఒకటికి ఎవరి కట్టెలు వాళ్లే కొట్టుకోవాలి, రెండుకు జోడీ కుడి కట్టెతో మన కుడి కట్టె, మూడుకు మళ్లీ మనవే, నాలుగుకు ఎడమతో ఎడమ. కొత్తవాళ్లు తప్పేది మూడు దగ్గర. జోడీ కట్టె చూస్తూ తమ దెబ్బ మరిచిపోతారు. అందుకే పంతులు మొదటి వారమంతా కట్టెలు పక్కన పెట్టించి చప్పట్లతోనే ఆడించేవారు. పాట కూడా ఆ తర్వాతే.

జోడీ మారడంలో ఒక లెక్కుంది. లోపలి వలయంలో 8 మంది, బయట 8 మంది ఎదురెదురుగా నిలబడి, విజిల్ పడగానే అందరూ తమ కుడికి ఒక్క చోటు జరిగితే, 4 మార్పులకే మొదటి జోడీ మళ్లీ ఎదురవుతుంది. సగం మందితో ఆడనే ఆడరు. రెండు వలయాలూ ఎదురు దిక్కులకు కదలడంతో ఒక్కో మార్పుకు రెండేసి చోట్లు దాటిపోతాం మరి. అందరితో ఆడాలంటే లోపలివాళ్లు నిలబడి బయటివాళ్లే జరగాలి, లేదా 7 జంటలతో ఆడాలి. మన జట్టు 7 జంటలకు అలవాటుపడింది ఇందుకే.

ఇక జడ కోలాటం, అంటే పైనుంచి వేలాడే తాళ్లను జడలా అల్లుతూ ఆడేది. మన బడి పేరు చుట్టుపక్కల ఊళ్లలో వినిపించిందంటే దీనివల్లే. 12 అడుగుల ఎత్తున కదలని కొక్కెం, దానికి 14 అడుగుల నూలు తాళ్లు 8. నైలాన్ వద్దు, అరచేయి కోసుకుపోతుంది. ఎడమ చేతిలో తాడు, కుడి చేతిలో ఒక్క కట్టె. నలుగురు ఎర్రతాళ్లతో ఒక దిక్కుకు, నలుగురు పసుపుతాళ్లతో ఎదురు దిక్కుకు, ఒకరు విడిచి ఒకరు. ఎర్రతాళ్లవాళ్లు ఎదురొచ్చిన మొదటి మనిషికి బయటి నుంచి, రెండో మనిషికి లోపలి నుంచి పోవాలి; పసుపుతాళ్లవాళ్లు మొదట లోపలి నుంచి, తర్వాత బయటి నుంచి. తాడు ఎప్పుడూ బిగువుగానే ఉండాలి. ఎవరిది వేలాడినా అక్కడ జడ ఉబ్బుతుంది. జడ కిందికి దిగినకొద్దీ తాడు కురచై వలయం దగ్గరపడుతుంది. అడుగు కూడా చిన్నది చేయకపోతే భుజాలు తగులుతాయి.

అల్లడం కన్నా విప్పడం కష్టం. విజిల్‌కు అందరూ ఉన్నచోటే వెనక్కి తిరగాలి. అల్లేటప్పుడు చివరిసారి బయటి నుంచి పోయినవాళ్లు, విప్పేటప్పుడు మొదటిసారి కూడా బయటి నుంచే పోవాలి. ఇక్కడే అలవాటు కొద్దీ లోపలికి దూరతారు, ముడి పడుతుంది. పడ్డాక తాడు లాగితే ఇంకా బిగుస్తుంది. పాట ఆపకుండా, తప్పినవాళ్లొక్కరే రెండడుగులు వెనక్కి వేసి బయటి నుంచి రావాలి. మిగతావాళ్లు నిలబడి తాళం వేస్తుండాలి. ఎర్ర వరసలో పసుపు ఎక్కడ దూరిందో పైకి చూస్తే తెలుస్తుంది. పంతులు చూపు ఆటగాళ్ల కాళ్ల మీద కాదు, ఎప్పుడూ ఆ జడ మీదే ఉండేది.

ఈసారి మన పాత విద్యార్థుల కలయిక రోజున ఇప్పటి పిల్లలు జడ వేస్తున్నారు. కొక్కెం ముందురోజే వేలాడి చూడండి. తాళ్లు ఒకసారి ఉతికి ఆరేయండి. కొత్త నూలు గంజికి బిరుసుగా ఉండి జడ కుదురుగా కూర్చోదు.