స్టూడియోలో నా హార్మోనియాన్ని మిక్సీ అన్న రోజు

నిన్న రాత్రి ఫైనల్ మిక్స్ పంపేశాం. చెవుల్లో ఇంకా హోరు తగ్గలేదు. కోపం చల్లారకముందే రాసేస్తే ఎవరికైనా పనికొస్తుందని కూర్చున్నాను.

నేను చెన్నైలో, వలసరవాక్కంలో ఉంటాను. పదకొండేళ్లుగా కీబోర్డ్ ప్రోగ్రామింగే బతుకు. రెండు నెలల కిందట నేను అన్నా అని పిలిచే ఒక మ్యూజిక్ డైరెక్టర్ ఫోన్ చేశాడు. పద్యనాటకం ఫక్కీలో అయిదు పద్యాలు చేస్తున్నాడట. "నాటకాల హార్మోనియం కావాలిరా. నీ దగ్గరుండే గజల్ హార్మోనియం కాదు, స్టేజీ పక్కన కూర్చుని చెవులు చిల్లులు పడేలా వాయించేది. రాగం తీసేటప్పుడు మాత్రం అదే హార్మోనియం మెల్లగా కరిగి పొగలా అయిపోవాలి."

వాయించేవాళ్లనే పిలిపిద్దాం కదా అన్నాను. పొగ ఎవరు వాయిస్తారు, నువ్వేగా అన్నాడు. బడ్జెట్ లేదని దాని అర్థం.

తెనాలిలో మా పెదనాన్న దగ్గర నలభై రెండు మెట్ల డబుల్ రీడ్ పెట్టె ఉంది. చుట్టుపక్కల ఊళ్లలో ఆయన వాయించని నాటకం లేదు. పినాకినీలో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. తెస్తుంటే ఆయన ఒకటే మాట: "1940 నుంచి 1971 దాకా దీన్ని ఆకాశవాణి గుమ్మం తొక్కనివ్వలేదురా, జాగ్రత్త." గమకం పలకదని, మన శ్రుతులకు నప్పదని అప్పట్లో పెద్దవాళ్ల వాదన. అదే పెట్టె లేకుండా మన వైపు ఒక్క పద్యమైనా లేచిందా? లేవలేదు. సరే, ఆ గొడవ ఇప్పుడెందుకు.

ఇక సాఫ్ట్‌వేర్. శాంప్లర్ అంటే రికార్డు చేసిన శబ్దాన్ని మెట్ల మీద పరిచేది. సింథ్ అంటే తరంగాల నుంచి శబ్దాన్ని తానే పుట్టించేది. హైబ్రిడ్‌లో రెండూ ఒకే కిటికీలో ఉంటాయి. శాంపుల్‌ని సింథ్ ఫిల్టర్లలోంచి పంపొచ్చు, గింజలు గింజలుగా చిదిమి పొగ చేయొచ్చు, పక్కనే ఆసిలేటర్ (సింథ్‌లో తరంగాలు పుట్టించే భాగం) పెట్టి కలపొచ్చు. ఇదేం కొత్త కాదు. 1987లో రోలండ్ డీ-50 అనే కీబోర్డ్ చేసింది ఇదే. అప్పట్లో మెమరీ ఖరీదు కాబట్టి శబ్దం మొదట్లో వచ్చే టక్కుమనే ముక్కను మాత్రం శాంపుల్‌గా పెట్టి, మిగతా తోకంతా సింథ్‌తో నడిపారు. ఈ కథ మా స్టూడియో కుర్రాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా ఆవులిస్తారు.

కొనడం సులువే. కార్డులో ఇంటర్నేషనల్ పేమెంట్స్ ఆఫ్‌లో ఉంటాయి, బ్యాంక్ యాప్‌లోకి వెళ్లి ఆన్ చేయాలి, అంతే. యాక్టివేషన్‌కి మాత్రం నాలుగు రోజులు పట్టింది. ఏ కంపెనీయో చెప్పను. డబ్బు నిమిషంలో తీసుకున్నవాళ్లు, సీరియల్ నంబర్ పని చేయట్లేదంటే "కంప్యూటర్ ఒకసారి రీస్టార్ట్ చేసి చూడండి" అని నాలుగో రోజు జవాబిచ్చారు. దొంగ కాపీ వాడేవాళ్లకు లేని కష్టాలు కొన్నవాడికే ఎందుకో.

రికార్డింగ్‌దీ పెద్ద కథ కాదు. మా అపార్ట్‌మెంట్‌లో పొద్దున్న ఆరు నుంచి రాత్రి పదకొండు దాకా ఎవరో ఒకరు మిక్సీ వేస్తూనే ఉంటారు. అందుకని రాత్రి రెండింటికి ఫ్యాన్ ఆపి, చెమటలు కక్కుతూ చేశాను. ఈ మిక్సీ సంగతి గుర్తుంచుకోండి.

ఇక్కడే తప్పు చేశాను. యూట్యూబ్‌లో ఒక కుర్రాడు, పేరు అనవసరం, ఎంతో ధీమాగా చెప్పాడు: స్థాయికి ఒక్క స్వరం రికార్డు చేస్తే చాలు, మిగతా పదకొండూ శాంప్లరే సాగదీసుకుంటుంది అని. నిద్ర ముంచుకొస్తోంది, నమ్మాను. మూడు స్థాయిల్లో మూడు షడ్జాలు, ఒకటి శ్రుతివి (కీబోర్డ్ లెక్కలో సీ), తీసుకున్నాను. ఒక్కోదానికి రెండు సెకన్ల లూప్ వేశాను, మెట్టు నొక్కి ఉంచినంతసేపూ ఆ ముక్కే మళ్లీ మళ్లీ తిరిగేలా. ఇంట్లో ఒకటి శ్రుతిలోనే వాయించి చూసుకుని, అచ్చం పెదనాన్నే అని మురిసిపోయాను.

సెషన్ సాలిగ్రామంలో, అరుణాచలం రోడ్డుకి దగ్గర్లోని ఒక చిన్న స్టూడియోలో. పాడటానికి గుంటూరు వైపు నుంచి డెబ్భై దాటిన ఒక రంగస్థల నటుడు వచ్చారు. తెల్ల పంచె, జేబులో తమలపాకుల పొట్లం. నేను పెన్‌డ్రైవ్ తీసి, ప్యాచ్ (శాంప్లర్‌లో నేను చేసుకున్న అమరికంతా దాచే ఫైలు) స్టూడియో కంప్యూటర్‌లోకి ఎక్కించమని ఇంజినీర్‌కి ఇచ్చాను. ఆ సాఫ్ట్‌వేర్ వాళ్ల దగ్గరా ఉంది. ఓపెన్ చేశాడు. తెర మీద ఎర్ర అక్షరాలు: శాంపుల్స్ దొరకడం లేదు.

"ఎన్న సార్ ఇదు? ఫైల్ నూట ఎనభై కేబీయే ఉంది" అని తమిళంలో అన్నాడు ఇంజినీర్. అన్న నా వైపు చూశాడు. పెద్దాయన తమలపాకుకి సున్నం రాసుకుంటున్నారు.

అప్పుడు తెలిసొచ్చింది. ప్యాచ్‌లో శబ్దం ఉండదు. శబ్దం ఎక్కడుందో ఆ అడ్రస్ మాత్రమే ఉంటుంది. నా ల్యాప్‌టాప్‌లో ఫలానా డ్రైవ్, ఫలానా ఫోల్డర్ అని రాసి ఉంటే, ఆ చిరునామా పట్టుకుని స్టూడియో కంప్యూటర్ ఎవరి తలుపు కొడుతుంది? ప్యాచ్ సేవ్ చేసేటప్పుడు శాంపుల్స్‌తో కలిపి సేవ్ చేసే ఆప్షన్ ఒకటి ఉంటుంది. పదకొండేళ్ల అనుభవం ఉన్నవాణ్ణి, దాన్ని నొక్కలేదు. బండి మీద వలసరవాక్కం వెళ్లి రావడానికి గంటంబావు పట్టింది. మామూలుగా ఇరవై నిమిషాల పని. ఆర్కాట్ రోడ్డు మీద మెట్రో పనుల మధ్య నిలబడి నన్ను నేను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాయలేను. స్టూడియో మీటరు మాత్రం గంట లెక్కన తిరుగుతూనే ఉంది.

తిరిగొచ్చాను. లోడయింది. పెద్దాయన లేచి మైకు ముందుకొచ్చి, "ఐదున్నర ఇవ్వు బాబూ" అన్నారు.

ఐదున్నర. అంటే జీ షార్ప్. నేను రికార్డు చేసింది ఒకటి. ఎనిమిది మెట్ల తేడా.

సా, పా, పై సా పట్టుకున్నాను. హెడ్‌ఫోన్స్‌లో విని ఆయన కళ్లు చిట్లించారు. ఒక చెవి తీసేసి గాజు అద్దం లోంచి నన్ను చూశారు. "ఏం నాయనా, ఇది హార్మోనియమా, మిక్సీయా?"

ఇంజినీర్‌కి తెలుగు రాదు. మిక్సీ అన్న మాట మాత్రం అన్ని భాషల్లోనూ మిక్సీయే. పగలబడి నవ్వాడు. టీ తెచ్చిన కుర్రాడూ నవ్వాడు. అన్న నవ్వలేదు. అదే ఇంకా కష్టంగా అనిపించింది. పెద్దాయన ఎగతాళికి అనలేదు, నిజంగానే అడిగారు. "అది కాదు బాబూ, లోపల ఏదో గిర్రున తిరుగుతోంది, ఆగి ఆగి గరగరమంటోంది. దాని మీద పద్యం ఎలా ఎత్తుకోను?" అన్నారు. ఆ రోజు ఆయన తంబూరా యాప్ పెట్టుకుని పాడి వెళ్లిపోయారు. హార్మోనియం తర్వాత పెడదాంలే అన్నాడు అన్న. ఆ "తర్వాత"కి అర్థం నాకు తెలుసు. వేరేవాడికి ఫోన్ చేస్తాడు.

మూడు రాత్రులు నిద్ర లేదు. ఆయన చెవి ఎంత కచ్చితమో లెక్క వేశాక అర్థమైంది. డబుల్ రీడ్ పెట్టెలో ప్రతి మెట్టుకీ రెండు రీడ్లు, అంటే గాలికి కదిలి పలికే లోహపు నాలుకలు, పలుకుతాయి. మా పెదనాన్న పెట్టెలో రెండూ ఒకే స్థాయివి, కానీ ఏళ్ల తరబడి వాడకంలో ఒకదానికొకటి కాస్త పక్కకు జరిగాయి. ఆ తేడా వల్ల శబ్దం అలలా ఊగుతుంది. ఒకటి శ్రుతిలో సెకనుకి నాలుగు ఊపులు లెక్కపెట్టాను. శాంపుల్‌ని ఎనిమిది మెట్లు పైకి సాగదీస్తే వేగం దాదాపు 1.59 రెట్లవుతుంది. స్వరం ఒక్కటే కాదు, లోపలున్నదంతా అంతే వేగంగా తిరుగుతుంది. నాలుగు ఊపులు ఆరుకి పైన పడ్డాయి. రెండు సెకన్ల లూప్ 1.26 సెకన్లకు కుదించుకుపోయింది. అతుకు దగ్గర ఉన్న చిన్న గరగర 1.26 సెకన్లకోసారి ఠంచనుగా వస్తోంది. పైగా ప్రతి శాంపుల్‌లోనూ తిత్తి గాలి చప్పుడు ఉంది. మూడు మెట్లు నొక్కితే ముగ్గురు గాలి కొడుతున్నట్టు. మిక్సీ కాక ఇంకేమవుతుంది?

చేసిన మరమ్మతు చెబుతాను. ఒక్కో రీడు వరసా విడిగా, రెండో వరసకి గాలి ఆపే స్టాపు మూసి, నలభై రెండు మెట్లూ రికార్డు చేశాను. మెల్లగా, మధ్యరకంగా, గట్టిగా గాలి కొడుతూ ఒక్కోటీ మూడేసి సార్లు. 48 కిలోహెర్ట్జ్, 24 బిట్, మోనో. పన్నెండేసి సెకన్ల లెక్కన ఒక్క వరసకే రెండు వందల ఎంబీ దాటింది. ఒంటి రీడులో ఊపు ఉండదు కాబట్టి లూప్ ఎక్కడ వేసినా అతుకు కనపడదు. రెండో రీడు శాంపుల్‌ని వాడలేదు. దాంట్లోంచి తరంగం ఒక్క చక్రం కత్తిరించి, సింథ్ ఆసిలేటర్‌లో వేవ్‌టేబుల్‌గా, అంటే అదే తిప్పి తిప్పి పలికే అచ్చుగా, పెట్టాను. రెంటి మధ్య తేడాని సెంట్లలో (పక్కపక్క మెట్ల మధ్య దూరంలో నూరో వంతు ఒక సెంటు) పెడితే పైకి వెళ్లేకొద్దీ ఊపు పెరుగుతుంది. హెర్ట్జ్‌లో, అంటే సెకనుకి ఎన్ని కంపనాలో ఆ లెక్కలో, పెట్టాలి. తేడా ఎన్ని హెర్ట్జ్ ఉంటే సెకనుకి అన్ని ఊపులు. అసలు పెట్టె మీద ఏ మెట్టుకి ఎన్ని ఊపులో వాచీ పెట్టుకుని లెక్కపెట్టి, ఆ పట్టికే ఎక్కించాను. గాలి చప్పుడికి ఒకే ఒక్క నాయిస్ లేయర్. ఎన్ని మెట్లు నొక్కినా తిత్తి ఒక్కటే కదా.

ఇంకొకటి. హార్మోనియానికి మెట్టు ఎంత గట్టిగా కొట్టామన్నదానితో సంబంధం లేదు. శాంప్లర్‌లో ఆ దెబ్బ బలాన్ని లెక్కపెట్టే వెలాసిటీని పూర్తిగా తీసేయండి. శబ్దం పెంచేది తిత్తి. నేను కీబోర్డ్ మీదుండే మాడ్ వీల్ అనే చక్రాన్ని తిత్తి చేశాను: పైకి తోస్తే మూడు లేయర్లు ఒకదాంట్లోంచి ఒకటి మారతాయి, ఫిల్టర్ తెరుచుకుంటుంది, స్వరం ఒక రెండు మూడు సెంట్లు దిగుతుంది. గాలి ఒత్తిడి పెరిగితే రీడు కాస్త దిగడం నిజంగా జరిగేదే. ఫోన్లో పెదనాన్నకి వినిపిస్తే, "ఎవర్రా వాయిస్తోంది, చెయ్యి బరువుగా ఉంది" అన్నారు. చెయ్యి నాదే.

పొగ సంగతి అడుగుతారేమో. శబ్దాన్ని గింజలుగా చిదిమే గ్రాన్యులర్‌లో అరగంట పని. అన్న అందుకోసమే ఇదంతా మొదలుపెట్టాడు, కష్టం మాత్రం అక్కడ లేదు.

డబ్బు పెట్టకుండా నేర్చుకోవాలంటే డీసెంట్ శాంప్లర్ అని ఉచితంగా దొరుకుతుంది, శాంపుల్స్‌ని మెట్లకు కట్టడం దాంట్లో అలవాటు చేసుకోండి. నాలుగు వందల జీబీ లైబ్రరీలు కొని గొప్పలు పోయేవాళ్లని చూసి కుళ్లుకోకండి. నా పెట్టె అర జీబీ కూడా లేదు. ఈ ఊళ్లో అలాంటిది ఇంకొకరి దగ్గర ఉంటే చూపించమనండి.

వేరేవాడికి ఫోన్ వెళ్లకముందే అన్న ఇంటికి ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి వినిపించాను. ఏమీ అనలేదు. పెద్దాయన ఇంకా చెన్నైలోనే, కూతురింట్లో ఉన్నారట, ఒక పద్యం మళ్లీ పాడిద్దాం అన్నాడు.

మొన్న అదే స్టూడియో, అదే ఇంజినీర్. ఈసారి శాంపుల్స్‌తో కలిపి సేవ్ చేసి, రెండు పెన్‌డ్రైవ్‌లలో పెట్టుకెళ్లాను. ఐదున్నర ఇచ్చాను. పెద్దాయన హెడ్‌ఫోన్స్ రెండు చెవులకీ సరిగ్గా పెట్టుకున్నారు. నా వైపు చూడనే లేదు. పద్యం ఎత్తుకుని, చివర రాగం తీసి, తీసి, ఇంజినీర్ గుటకలు మింగుతూ మీటర్ల వైపు చూసేదాకా తీసి వదిలారు.

బయటికొచ్చి తమలపాకుల పొట్లం విప్పుతూ నన్ను పిలిచారు. "పెట్టె బాగుంది బాబూ, ఎవరిది?" పెదనాన్నదని చెప్పాను. "ఆ గాంధారం రీడు కొంచెం దిగింది. ఎవరి చేతనైనా గీకించు."

అది పధ్నాలుగు సెంట్లు దిగి ఉందని ట్యూనర్‌లో నేనూ చూశాను. బద్ధకించి వదిలేశాను. అలాగేనండీ, గీకిస్తాను అన్నాను.