మూన్‌లైట్ సొనాటా మొదటి భాగం: నడక తేలాకే పెడల్

బీథోవెన్ 1801లో రాసిన ఈ పియానో సొనాటా మొదటి భాగంలో ఉన్నవి 69 బార్లే (స్కోర్‌లో నిలువు గీతల మధ్య ఉండే గడులు). స్వరాలు చేతికి రావడానికి వారం చాలు. దీన్ని ఎలా వాయించాలో తేల్చుకోవడానికి మాత్రం నాకు మూడు నెలలు పట్టింది. పెద్ద పియానిస్టులు ఇదే స్కోర్‌ను (స్వరలిపిని) ఒకరితో ఒకరికి పొంతన లేకుండా వాయించారు. సోలోమన్ వాయిస్తే ఎనిమిది నిమిషాలు దాటుతుంది, గ్లెన్ గౌల్డ్ నాలుగు నిమిషాల పైచిలుకులో ముగించేస్తాడు. ఆంద్రాష్ షిఫ్ అయితే భాగం మొత్తం, ధ్వనిని నిలిపి ఉంచే కుడి పెడల్ మీంచి కాలు తీయడు. ఎవరి దారి నచ్చితే వారిని అనుకరిస్తే సరిపోతుందనుకుంటే దెబ్బ తింటాం. ఒకరి నడక (వేగం), మరొకరి పెడల్ కలిపితే రెండూ చెడతాయి. మొదట నేను చేసిన పొరపాటు అదే.

అందుకని స్కోర్ దగ్గరికే తిరిగి వెళ్లాను. పైన ఉన్నది అడాజియో, అంటే నిదానంగా. అది చూసి చాలామంది నిద్రపుచ్చే వేగం పట్టుకుంటారు. కానీ పక్కనే ఉన్న కాలసంకేతం నాలుగు బీట్లది కాదు, బార్‌కు రెండే పెద్ద బీట్లు లెక్కించమంటుంది. బీథోవెన్ శిష్యుడు చెర్నీ క్వార్టర్ స్వరానికి (బార్‌లో నాలుగో వంతు) 54 అని మెట్రోనోమ్ అంకె ఇచ్చాడు, అంటే నిమిషానికి 54 క్వార్టర్లు. 69 బార్లంటే 276 క్వార్టర్లు. 54 దగ్గర 5 నిమిషాల 7 సెకన్లు, 60 దగ్గర 4 నిమిషాల 36 సెకన్లు, 40కి దిగితే దాదాపు 7 నిమిషాలు. నేను 40, 48, 54, 60 దగ్గర మొదటి 15 బార్లు రికార్డు చేసి, మర్నాడు విన్నాను. అదే రోజు వినకండి, చేతులకు ఏది హాయిగా ఉందో చెవికీ అదే బాగున్నట్టు అనిపిస్తుంది. 40 దగ్గర మెలొడీలోని పొడుగు స్వరం తర్వాతి స్వరం వచ్చేలోపే సన్నబడిపోయి, పాట ముక్కలైపోయింది. 60 దగ్గర ట్రిప్లెట్లు (క్వార్టర్‌కు మూడేసి సమాన స్వరాలు) పరుగెత్తాయి. 52, 54 మధ్య నిలిచాను.

అసలు గొడవ పెడల్‌ది. భాగం మొత్తం ‘సెన్జా సోర్దీనో’గా వాయించమని స్కోర్‌లో ఉంది. దీన్ని ఎడమ పెడల్ వాడవద్దనే అర్థంలో తీసుకునేవాళ్లున్నారు. అది తప్పు. సోర్దీనో అంటే ఇక్కడ డ్యాంపర్లు, తీగల మీద ఆని ధ్వనిని ఆపే దిమ్మెలు. డ్యాంపర్లు తీగల మీద ఆనకుండా, అంటే కుడి పెడల్ తొక్కి ఉంచి వాయించమని భావం. ఆనాటి వియన్నా పియానోల్లో ధ్వని త్వరగా ఆరిపోయేది కాబట్టి ఇది చెల్లింది. ఇప్పటి గ్రాండ్ పియానోలో పెడల్ పూర్తిగా తొక్కి ఉంచితే మూడో బార్‌కే బురద. ఆ బార్ రెండో సగంలో డి నేచురల్ వస్తుంది, అంతకుముందు మోగిన సి షార్ప్ ఇంకా చావదు. రెండూ అర్ధ స్వరం దూరంలో కొట్టుకుంటాయి. నడక నిదానమైన కొద్దీ ఈ కొట్లాట ఎక్కువసేపు వినబడుతుంది. పెడల్‌కు ముందే నడక తేలాలన్నది ఇందుకే.

షిఫ్ దారిలో పెడల్ పూర్తిగా దిగదు, కొంతే దిగుతుంది. చెర్నీ సలహా వేరు: బాస్ స్వరం (అన్నిటికన్నా కింది స్వరం) మారిన ప్రతిసారీ పెడల్ మార్చు. నేను ఈ రెంటికీ నడుమ నిలిచాను. బాస్ మారినప్పుడు కాలు పూర్తిగా ఎత్తను, సగం వరకే ఎత్తి మళ్లీ దించుతాను. డ్యాంపర్ తీగను అలా తాకితే పైన ఉన్న సన్న తీగలు ఆగిపోతాయి, కింది బరువైన తీగలు ఇంకా మోగుతుంటాయి. ఆ సగం ఎక్కడుందో ప్రతి పియానోలోనూ వెతుక్కోవాలి. పెడల్ పూర్తిగా తొక్కి, మధ్య సి గట్టిగా కొట్టి వదిలేసి, కాలు మెల్లగా లేపండి. ధ్వని ఒక్కసారిగా సన్నబడటం మొదలైన చోటే అది. కొన్ని మిల్లీమీటర్ల మేరే ఉంటుంది. డిజిటల్ పియానోకు కేవలం ఆన్, ఆఫ్ స్విచ్ లాంటి పెడల్ ఉంటే ఈ పని జరగదు, బాస్ మారిన ప్రతిసారీ పూర్తిగా మార్చుకోవడమే గతి.

అయితే అన్నీ శుభ్రం చేయకూడదు. 16, 18 బార్లలో బాస్‌లోని బి మీద మెలొడీ సి నేచురల్ ఎక్కుతుంది. పక్కపక్క స్వరాల ఆ చేదు కావాలనే పెట్టింది. అక్కడ పెడల్ మార్చి నున్నగా చేసినవాళ్ల రికార్డింగ్ వింటే నాకు ఉప్పు లేని కూరలా ఉంటుంది.

ఇక కుడిచెయ్యి. చిటికెన వేలు మెలొడీ, మిగతా వేళ్లు ట్రిప్లెట్లు. బొటనవేలు బరువైనది కాబట్టి ప్రతి ట్రిప్లెట్‌లో మొదటి స్వరం అనుకోకుండా మొత్తుకుంటుంది. దానికి నేను చేసింది: మణికట్టును చిటికెన వేలి వైపు కాస్త వాల్చి, ట్రిప్లెట్ల మీటలను పూర్తిగా పైకి రానివ్వకుండా, సగం లేవగానే మళ్లీ నొక్కడం. గ్రాండ్‌లో ఇది కుదురుతుంది, అప్‌రైట్‌లో (తీగలు నిలువుగా ఉన్న పియానోలో) మీట దాదాపు పైదాకా రావాలి.

మెలొడీలో పొడుగు స్వరం వెంట, క్వార్టర్ చివర వచ్చే చిన్న స్వరం చాలామందికి మూడో ట్రిప్లెట్‌తో అతుక్కుపోతుంది. స్కోర్ ప్రకారం దాని తర్వాత రావాలి. క్వార్టర్‌ను 12 భాగాలు చేసి లెక్కించండి: ట్రిప్లెట్లు 1, 5, 9 దగ్గర, చిన్న స్వరం 10 దగ్గర. 54 వేగంలో తేడా సెకనులో పదో వంతు కూడా లేదు, అయినా చెవి పట్టేస్తుంది. మెట్రోనోమ్ 20 దగ్గర మొదలుపెట్టి రోజుకు రెండేసి అంకెలు పెంచాను. కలిసిపోయిన రోజు వెనక్కి తగ్గడం తప్ప వేరే మందు లేదు.

28వ బార్ నుంచి బాస్ జి షార్ప్ మీద మంకుపట్టు పడుతుంది, పైన ఆర్పెజియోలు (మెట్లు మెట్లుగా సాగే స్వరాలు) ఎక్కుతాయి. అక్కడ గట్టిగా వాయించాలన్న దురద పుడుతుంది, కానీ పీపీ (చాలా తక్కువ ధ్వనితో) అని స్కోర్ ముందే చెప్పింది. 60వ బార్ నుంచి మెలొడీ ముక్క ఎడమచేతి లోతుల్లోకి దిగుతుంది. అక్కడ కుడిచేతిని వెనక్కి నెట్టకపోతే అది వినబడనే వినబడదు. చివర ‘అట్టాకా’ (ఆగకుండా తర్వాతి భాగంలోకి వెళ్లు) అని ఉంది కాబట్టి ఆఖరి తీగధ్వని ఆరాక చేతులు ఒళ్లోకి తెచ్చుకోకండి. రెండో భాగం డి ఫ్లాట్‌లో మొదలవుతుంది, ఈ భాగం ముగిసే సి షార్ప్‌కూ దానికీ మీట ఒకటే.