ఎగ్జాసర్‌బేట్ పక్కన ఏ మాట కూర్చుంటుంది?

తెలుగులో ముగ్గు వేస్తాం, ఒట్టూ వేస్తాం. కల మాత్రం కంటాం. ఎవరైనా "రాత్రి ఒక కల చేశాను" అంటే అర్థమవుతుంది, కానీ ఆ మనిషికి తెలుగు కొత్తని వెంటనే తెలిసిపోతుంది. విదేశీ చదువులకు అడిగే ఇంగ్లీషు పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో, దాని రైటింగ్ విభాగంలో పెద్ద పెద్ద ఇంగ్లీషు మాటలు గుప్పించిన వ్యాసం ఎగ్జామినర్‌కి సరిగ్గా ఇలాగే వినిపిస్తుంది.

రైటింగ్‌లో నాలుగు అంశాలకు సమానంగా మార్కులుంటాయి. పదసంపదకు, అంటే లెక్సికల్ రిసోర్స్‌కు, 25 శాతం. బ్యాండ్ 7 స్కోరు రావాలంటే అంత తరచుగా వినపడని మాటలు కొన్ని వాడాలి, వాటిలో కొలొకేషన్ మీద పట్టు కూడా కనపడాలి. కొలొకేషన్ అంటే ఏ మాట పక్కన ఏ మాట ఇముడుతుందన్న సంగతి. చాలామంది మొదటి సగం కోసమే చదువుతారు. ఎమ్మెస్‌కి వెళ్లాలనుకునే మనవాళ్లు జీఆర్‌ఈ జాబితాలనే ఇక్కడా బట్టీ పడతారు. జీఆర్‌ఈలో మాటను గుర్తుపట్టి ఆప్షన్ ఎంచుకుంటే చాలు. ఇక్కడ దాన్ని మన సొంత వాక్యంలో నిలబెట్టాలి. అర్థం ఒక్కటే తెలిస్తే ఆ పని జరగదు.

దగ్గరగా చూద్దాం. మిటిగేట్, అలీవియేట్, ఎరాడికేట్ అనే మూడింటికీ జాబితాల్లో "తగ్గించు" అనో "తొలగించు" అనో రాసి వదిలేస్తారు. మిటిగేట్ అంటే జరగబోయే నష్టం తీవ్రత తగ్గించడం. దాని పక్కన రిస్క్, ఇంపాక్ట్, ఎఫెక్ట్స్, డామేజ్ వస్తాయి. దాని వెనక అగైన్‌స్ట్ చేర్చడం తరచుగా జరిగే తప్పు. అగైన్‌స్ట్ వచ్చేది మిలిటేట్ అనే వేరే మాటకు. అలీవియేట్ అనుభవిస్తున్న బాధకు ఉపశమనం: పావర్టీ, పెయిన్, సఫరింగ్, ట్రాఫిక్ కంజెషన్. బాధ తగ్గుతుంది, పూర్తిగా పోదు. ఎరాడికేట్ లాటిన్‌లో "వేరు" అనే మాట నుంచి వచ్చింది. మన "కూకటివేళ్లతో పెకలించడం" అచ్చంగా అదే. కాబట్టి డిసీజ్, పావర్టీ లాంటి వాటికి సరే. ట్రాఫిక్‌ని కొంచెం తగ్గించడానికి ఎరాడికేట్ రాస్తే వాక్యం అబద్ధమవుతుంది.

ఎగ్జాసర్‌బేట్ ఈ మూడింటికీ ఎదురు దారి, ఉన్న సమస్యను ఇంకా ముదరబెట్టడం. మన "పుండు మీద కారం చల్లినట్టు" గుర్తుంటే చాలు: పుండు ముందే ఉండాలి. ప్రాబ్లెమ్, టెన్షన్స్, ఇనీక్వాలిటీ పక్కన ఇముడుతుంది. డిమాండ్ పెరిగిందని, జీతాలు పెరిగాయని చెప్పడానికి పనికిరాదు. ప్లెథోరా విషయంలోనూ ఇదే చిక్కు. అందులో "అవసరానికి మించి" అనే ఛాయ ఉంది. "చాలా లాభాలు" అనడానికి మెనీ బెనిఫిట్స్ అన్నా తప్పేమీ లేదు.

అకడమిక్ టాస్క్ 1లో గ్రాఫు గురించి రాసేటప్పుడు కొలత తప్పుతుంది. 42 శాతం 45కి చేరితే అది సోర్ కాదు, స్లైట్ రైజ్. సోర్, ప్లమిట్ లాంటివి నిజంగా నిట్టనిలువుగా లేచిన, పడిన గీతలకే. ఇక్కడ మాట తప్పైతే సమాచారమే తప్పవుతుంది, దెబ్బ పదసంపద దగ్గర ఆగదు.

మాటలు ఎక్కడ వెతకాలి? 2000లో ఆవెరిల్ కాక్స్‌హెడ్ ప్రచురించిన అకడమిక్ వర్డ్ లిస్ట్ మంచి మొదలు. అందులో 570 పద కుటుంబాలు, 10 ఉపజాబితాలు. పద కుటుంబం అంటే ఒకే మాట నుంచి పుట్టిన రూపాలన్నీ. మొదటి ఉపజాబితాలోని 60 కుటుంబాలూ పట్టుబడ్డాకే రెండోదానికి వెళ్లండి. అసెస్, బెనిఫిట్, సిగ్నిఫికెంట్ లాంటి తెలిసిన ముఖాలే కనిపిస్తాయి, అందుకే జనం దాటేస్తారు. కానీ సిగ్నిఫికెంట్ తెలిసినవాళ్లు సిగ్నిఫికెన్స్ రాయాల్సిన చోట తడబడతారు. ఎకనామిక్ ఆర్థిక వ్యవస్థకు సంబంధించింది, ఎకనామికల్ పొదుపైనది. కుటుంబం అంతా ఒకేసారి నేర్చుకోవాలనేది ఇందుకే.

నోట్‌బుక్‌లో ఒక్కో మాటకు అర పేజీ ఇవ్వండి. పైన ఆ మాట దొరికిన అసలు వాక్యం, కింద పక్కన వచ్చే మూడు నాలుగు మాటలు, తర్వాత దాని నామవాచకం, విశేషణం, చివర మీరు రాసిన ఒక వాక్యం. తెలుగు అర్థం మూలన చిన్నగా ఉంటే చాలు. పక్క మాటల కోసం లెర్నర్స్ డిక్షనరీలో ఉదాహరణ వాక్యాలు చూడండి, థెసారస్ మాత్రం వద్దు. అది దగ్గరి అర్థాలు చూపిస్తుంది, తేడాలు చూపించదు. రోజుకు ఐదు మాటలు మించకండి. మర్నాడు, మూడో రోజు, వారానికి, మూడు వారాలకు మళ్లీ చూడండి, చూసే ముందు పేజీ మూసి పక్క మాటలు గుర్తుచేసుకోండి. చదువుకుంటూ పోతే వచ్చినట్టే అనిపిస్తుంది, పరీక్ష హాల్లో రాదు.

వ్యాసం రాసే టాస్క్ 2కి ఇచ్చే 40 నిమిషాల్లో చివరి మూడు దిద్దుకోవడానికి ఉంచుకోండి. పక్క మాట మీద అనుమానం ఉన్న పెద్ద మాటను కొట్టేసి మామూలు మాట పెట్టండి. రీసెర్చ్, ఇన్ఫర్మేషన్, ఎవిడెన్స్, ఎక్విప్‌మెంట్ చివర ఎస్ పడిందేమో వెతకండి. డిస్కస్ వెనక అబౌట్, కోప్ వెనక అప్ ఉంటే తీసేయండి. ఎన్విరాన్‌మెంట్‌లో, గవర్నమెంట్‌లో ఎం ముందు ఎన్ ఉందో లేదో చూడండి. పలికేటప్పుడు అది జారిపోతుంది, చేతికీ అదే అలవాటవుతుంది.