ఎస్‌సీఆర్ పాసయ్యా, బిల్లు పాసవలేదు

పిల్ల పడుకుంది, ఆయనకి రేపు ఎర్లీ షిఫ్టు కాబట్టి లైటు వెయ్యకుండా హాల్లో కూచుని టైపు చేస్తున్నా, అక్షరాలు అటూఇటూ అయితే సర్దుకోండి. రిజల్ట్ వచ్చింది. పాస్. ఇన్నాళ్లూ కుక్కర్ పక్కన ఫోన్ పెట్టుకుని చదివిందదే, రిస్క్ మేనేజ్‌మెంట్ పరీక్షలు పెట్టే గార్ప్ అనే సంస్థ వాళ్ల ఎస్‌సీఆర్, సస్టైనబిలిటీ అండ్ క్లైమేట్ రిస్క్, అంటే వాతావరణ మార్పుతో వ్యాపారాలకి వచ్చే నష్టాల లెక్క. మామయ్యగారికి చెప్తే రైల్వేలో రిటైరయిన మనిషి కదా, "ఎస్‌సీఆరా, ఏ డివిజన్ ఇచ్చారమ్మా" అన్నారు. అత్తయ్య సేమ్యా పాయసం చేసింది. సంతోషం ముక్క అయిపోయింది, ఇక గొడవలోకి వస్తా.

ఈ పరీక్ష రాయమన్నదే మేనేజర్. ఫీజు నువ్వు కట్టెయ్, ఆఫీసు ఇచ్చేస్తుంది అన్నాడు. డాలర్లలో కట్టా, కార్డు వాడు ఫారెక్స్ మార్కప్ అని కొంత, దాని మీద జీఎస్టీ అని ఇంకొంత లాగాడు. ఇవాళ క్లెయిమ్ పెడితే హెచ్‌ఆర్ గంటలో రిజెక్ట్ చేసింది. అప్రూవ్డ్ లిస్టులో ఎఫ్‌ఆర్‌ఎమ్, అంటే ఫైనాన్షియల్ రిస్క్ మేనేజర్ పరీక్ష ఉందట, ఎస్‌సీఆర్ లేదట. రెండూ ఇచ్చేది ఒకటే సంస్థ తల్లీ అని స్క్రీన్‌షాట్లతో సహా పెట్టా. "ఈ సంవత్సరం దీనికి బడ్జెట్ లేదండీ, మీ ఫీడ్‌బ్యాక్ నోట్ చేసుకున్నాం" అని రిప్లై, చివర ఒక స్మైలీ. టికెట్ మూసేసేటప్పుడు స్మైలీ ఎందుకో నాకర్థం కాదు, అది చూసినప్పుడే ఒళ్లు మండింది.

సరే పోనీ అనుకుంటుండగా సాయంత్రం యూరప్ క్లయింటుకి పంపే డెక్, అదే స్లైడ్ల ప్రెజెంటేషన్, ఒకటి రివ్యూకని నాకే వచ్చింది. తెరిస్తే అందులో నా ఫొటో. కింద "మా టీంలో సర్టిఫైడ్ క్లైమేట్ రిస్క్ నిపుణులు" అని. నిపుణులు! ఉన్నది నేనొక్కదాన్నే, గౌరవ బహువచనం అనుకోవాలేమో. అంటే క్లయింటుకి చూపించడానికి నా సర్టిఫికెట్ కావాలి, డబ్బులివ్వడానికి మాత్రం లిస్టులో లేదు. రిజల్ట్ వచ్చిన సంగతి సేల్స్ వాళ్లకి ఎవరు చెప్పారో గానీ, హెచ్‌ఆర్ కంటే స్పీడుగా ఉన్నారు.

ఆ డెక్‌లోనే ఫిజికల్ రిస్క్ అని, అంటే తుఫాన్లూ వరదలూ నేరుగా చేసే నష్టం మీద, ఇంకో స్లైడు. వెనకాల బొమ్మ, గాలికి విల్లులా వంగిన కొబ్బరిచెట్టు. అది చూశాక ఇంక పని సాగలేదు. మా శ్రీకాకుళం వైపు తిత్లీ తుఫానుకి చెట్లు వంగలేదండీ. నడుముకి విరిగాయి, లేదా వేళ్లతో సహా లేచి పడ్డాయి.

2018 అక్టోబర్ 11, తెల్లవారుజాము, వజ్రపుకొత్తూరు మండలం పల్లిసారథి దగ్గర తీరం దాటింది. నేను హైదరాబాద్‌లో, ఇంట్లో ఎవరి ఫోనూ కలవట్లేదు. ఎలాగో పలాసలో రైలు దిగి, కొంత దూరం ఎవరిదో బండి మీద, ఆ తర్వాత రోడ్డు మీద పడ్డ మానులు ఎక్కి దిగుతూ ఊరికి చేరా. తోటలో చెట్లన్నీ ఒకే వైపు తలలు పెట్టి పడున్నాయి, గెలలు పచ్చిగానే ఉన్నాయి. కరెంటు లేదు, మోటార్లు ఆడవు, మంచినీళ్ల బదులు ఆ బొండాలే కొట్టుకుని తాగుతున్నారు జనం. తాత ఏం చేస్తున్నాడంటే, కొబ్బరి చిప్పలో సున్నం కలుపుకుని, పీచు ముక్క ముంచి, పడ్డ ప్రతి మాను మీదా నంబరు వేస్తున్నాడు. నష్టం రాసుకోడానికి వచ్చేవాళ్లు ఒక్క చెట్టు కూడా వదిలెయ్యకూడదని. నన్ను చూసి ఏడవలేదు, పలకరించలేదు, "ఆ పక్క వరస నువ్వు లెక్కెట్టు" అన్నాడు. వంగి వంగి నడుం పట్టేసినా, సున్నం అయిపోయేదాకా ఆపలేదు.

చదువుకునేటప్పుడు ఒక విషయం తగిలింది. క్లైమేట్ మార్పుని ఎకనామిక్స్ లెక్కల్లోకి తెచ్చినందుకు విలియం నార్డ్‌హాస్‌కి నోబెల్ ప్రకటించింది 2018 అక్టోబర్ 8న. భూమి 1.5 డిగ్రీలు వేడెక్కితే ఏమవుతుందని ఐక్యరాజ్యసమితి వాతావరణ సంఘం ఐపీసీసీ రిపోర్టు ఇచ్చిందీ ఆ రోజే. మూడు రోజులకి మా తోట లేదు. నార్డ్‌హాస్‌కీ బ్రిటన్ ఎకనామిస్టు నికొలస్ స్టెర్న్‌కీ గొడవంతా డిస్కౌంట్ రేటు దగ్గరే, అంటే ముందు ముందు వచ్చే డబ్బుకి ఇవాళ విలువ కట్టేటప్పుడు ఏడాదికెంత తగ్గించాలన్న లెక్క. స్టెర్న్ 2006 రిపోర్టులో 1.4 శాతం దగ్గర పెట్టాడు, నార్డ్‌హాస్ అంత తక్కువ కుదరదు, మార్కెట్‌లో వచ్చే రాబడిని చూడాలన్నాడు. ఏముంది చిన్న తేడాయే కదా అనిపిస్తుంది, కానీ నూరేళ్ల తర్వాత వచ్చే 100 రూపాయలు 1.4 శాతంతో ఇవాళ దాదాపు 25 రూపాయలు, 5 శాతంతో రూపాయి కూడా కాదు. పుట్టబోయేవాళ్ల నష్టం ఎక్సెల్‌లో ఒక సెల్ మారిస్తే మాయమైపోతుంది.

మరుసటేడు తాత మళ్లీ కొబ్బరి మొక్కలు పాతాడు. దేశవాళీ రకం, కాపుకి రావాలంటే ఆరేడేళ్లు, ఆయనకేమో అప్పటికే డెబ్బై దాటాయి. మా తాతది జీరో డిస్కౌంట్ రేటు అని లింక్డిన్‌లో ఒక పోస్టు సగం టైపు చేశా ఇందాక, లైకులు బానే వచ్చేవి. చెరిపేశా. ఎందుకంటే తాత పాతింది సగం తోటలోనే. మిగతా సగం అమ్మి ఆ డబ్బు బాబాయి చేతిలో పెట్టి, "దీన్ని నమ్ముకుని ఇక్కడుండకండి, ఎటైనా పోండి" అన్నాడు. అంటే ఆయనా రేటు కట్టాడు, గట్టి రేటే కట్టాడు. ఒక సగానికి స్టెర్న్, ఒక సగానికి నార్డ్‌హాస్. నార్డ్‌హాస్‌ని తిట్టడానికి తాతని అడ్డం పెట్టుకోవడం బాలేదు.

ఇంకో కోపం కూడా ఉండేది, ఇదంతా డబ్బున్నోళ్ల పోర్ట్‌ఫోలియో కాపాడే చదువేగా అని. స్టాక్ మార్కెట్‌ని చూసే సెబీ అడిగే బీఆర్‌ఎస్‌ఆర్ రిపోర్టు, అదే పర్యావరణం, సమాజం పట్ల బాధ్యత మీద కంపెనీలు ఇచ్చేది, టాప్ 1000 లిస్టెడ్ కంపెనీలకి, మా తోట ఏ ఎక్స్చేంజిలో ఉంది? కానీ పలాస జీడి ఫ్యాక్టరీలకి అప్పులిచ్చిన బ్యాంకులున్నాయి, తోటలు పోతే వాళ్లకీ దెబ్బే, ఆ లెక్క ముందే ఎవరైనా వేస్తే ఊరికీ ఎంతో కొంత మేలేమో. ఏమో, ఇవాళ అలా అనిపిస్తోంది, రేపు హెచ్‌ఆర్ మొహం చూస్తే మళ్లీ మారొచ్చు.

రాత్రి నాన్నకి ఫోన్ చేసి పాసయ్యా అంటే మొదటి ప్రశ్న "జీతం పెరుగుతాదేటి?" పెరగదు నాన్నా, ఉన్నదే పోయింది అన్నా. తర్వాత అడిగా, తాత వేసిన చెట్లకి ఇన్సూరెన్స్ చేయించావా అని. కొబ్బరి అభివృద్ధి బోర్డుది చెట్ల బీమా పథకం ఉంది, ప్రీమియంలో సగం బోర్డు, పావు రాష్ట్రం, రైతు కట్టేది మిగతా పావే. నేను కెటాస్ట్రఫీ బాండ్ల గురించి, అంటే విపత్తు వస్తే ఇన్వెస్టర్ల డబ్బు నష్టం పూడ్చడానికి పోయే బాండ్ల గురించి, పేజీలకి పేజీలు బట్టీ కొట్టా గానీ ఈ ముక్క ఇంట్లో ఇప్పటిదాకా ఎవరూ ఎత్తలేదు. "అలాటిదొకటుందేటి? ఎవులూ సెప్పలేదే" అన్నాడు. రేపు ఉద్యాన శాఖ ఆఫీసుకెళ్లి కనుక్కో నాన్నా అంటే, "నాకేటి తెలుస్తాది, సర్టిఫికెట్ నీదే గదా, నువ్వే ఫోన్ సెయ్" అని పెట్టేశాడు.