48 కిలోలు తగ్గాను, చర్మం మాత్రం తగ్గలేదు

నేను విజయవాడ సింగ్ నగర్లో ఇంట్లోనే బ్లౌజులు కుడతాను, పద్దెనిమిదేళ్ళ నుంచి. మనిషిని చూడగానే భుజం జారుద్దో చంక కింద పట్టేసుద్దో చెప్పేస్తా, టేపు అక్కర్లేదు. కస్టమర్ల కొలతలన్నీ నోట్ బుక్కులో ఉంటాయి గానీ నా కొలతలు మాత్రం ఎప్పుడూ రాసుకోలేదు, 112 కిలోలున్న రోజుల్లో ఆ నంబర్లు నా చేత్తో నేను రాసుకోవటం ఇష్టం లేక. పాత బ్లౌజు పక్కన పెట్టుకుని, కుట్లు ఇంకాస్త విప్పుకుంటా వచ్చాను, అంతే.

బరువు తగ్గిన కథ పెద్దగా చెప్పను, అందరికీ తెలిసిందే. షుగర్, మోకాళ్ళు, రాత్రి పడుకుంటే గురకతో ఊపిరి ఆగిపోవటం, చివరికి 2022లో స్లీవ్ ఆపరేషన్, కడుపు సంచిలో ముప్పావు వంతు పైనే తీసేస్తారు అందులో. నాలుగో నెలలో జుట్టు దువ్వెనకి కుచ్చులు కుచ్చులుగా వచ్చేసింది, రోజుకి 60 గ్రాముల ప్రోటీన్ కోసం గుడ్లు తిని తిని కోడి కనపడితే దణ్ణం పెట్టే స్థితికి వచ్చాను. ఏడాదిన్నరకి 64. షుగర్ మాత్రలు ఆపేశారు. మా వీధిలో కొంతమందైతే టీబీ అనుకున్నారంట, ఒకావిడ ఇంకో జబ్బు పేరు కూడా చెప్పిందంట, ఆవిడ బ్లౌజు ఇప్పటికీ నేనే కుడుతున్నాను, హుక్కులు గట్టిగానే వేస్తున్నాను, ఏం చేస్తాం.

చర్మం గురించి ముందు ఎవ్వరూ సరిగ్గా చెప్పలేదు. కౌన్సెలింగ్ లో "కొంచెం లూజు అవ్వొచ్చు మేడం" అన్నారు. కొంచెమంటే నాకు అర ఇంచి అనుకున్నా, నా భాషలో కొంచెమంటే అంతే. తీరా చూస్తే పొట్ట మొత్తం ఖాళీ సంచిలా కిందికి జారి తొడల మీద వాలింది. చేతులెత్తి దండెం మీద చీర ఆరేస్తుంటే జబ్బల కింద తోలు వేలాడతా ఊగేది. కూర్చుంటే ఒళ్ళో ఇంకెవరో కూర్చున్నట్టుండేది. నేను 42 ఏళ్ళ దాన్ని, స్నానాల గదిలో అద్దానికి టవల్ కప్పేసి స్నానం చేసేదాన్ని. లావుగా ఉన్నప్పుడు కూడా అలా చెయ్యలేదు, నిజం చెప్తున్నా.

బీసెంట్ రోడ్డులో దొరికే క్రీములు, ఆన్లైన్లో తెప్పించిన నూనెలు, ఏదో కరెంటు బెల్టు, అన్నీ కలిపి పద్నాలుగు వేలు తగలేశాను. తర్వాత ఒక స్కిన్ డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది, చర్మంలో కొలాజెన్, ఎలాస్టిన్ అని పోగులుంటాయంట, ఏళ్ళ తరబడి సాగదీస్తే అవి తెగిపోతాయంట, పైన రాసే క్రీము అంత లోపలికి దిగి తెగినవాటిని అతికించలేదంట. నాకు టక్కున అర్థమైంది. లంగాకి వేసిన ఎలాస్టిక్ ఇరవై ఏళ్ళు సాగదీసి తీసి ఉతికి ఇస్త్రీ చేస్తే మళ్ళీ ముడుచుకుంటుందా? వయసులో ఉన్నవాళ్ళకి, కొంచెమే తగ్గినవాళ్ళకి ఏడాది రెండేళ్ళలో కొంత సర్దుకుంటది, కండ పెరిగే ఎక్సర్సైజులు చేస్తే చేతులు తొడలు కాస్త నిండుతాయి అంది. పొట్ట గురించి అడిగితే మాత్రం తల అడ్డంగా ఊపింది. అబద్ధం చెప్పనందుకు ఆ తల్లికి నేనెప్పుడూ రుణపడి ఉంటా.

చీర అన్నీ దాచేసుద్ది కదా, అదే నాకు మేలనుకున్నా, చివరికి అదే నా ప్రాణానికి వచ్చింది. లంగా బొందు సరిగ్గా ఆ మడత మీద కోసుకుని కూర్చునేది. మన విజయవాడ ఎండలు తెలుసుగా, రోహిణి కార్తెలో ఫ్యాను కింద కూర్చున్నా మడత లోపల చెమట ఆరదు. ముందు దురద, తర్వాత ఎర్రగా ఒరుసుకుపోవటం, తర్వాత తెల్లగా పాచిలా ఫంగస్, వాసన. ఆ వాసన గురించి ఎవ్వరూ మాట్లాడరు. కస్టమర్ కి కొలత తీసేటప్పుడు దగ్గరికి వెళ్ళాలి, ఆవిడకి వాసన వస్తుందేమో అని చేతులు చాచి దూరం నుంచి టేపు పెట్టేదాన్ని, కొలతలు తప్పిపోయేవి.

అప్పుడు వెళ్ళాను ఒక పెద్దాయన దగ్గరికి, మంచి పేరున్న డాక్టరే, పేరు చెప్పను. సగం మాట వినేసి ప్రిస్క్రిప్షన్ రాస్తూనే అన్నాడు, "అంత బరువు తగ్గావు, దేవుడికి దణ్ణం పెట్టుకోక ఈ వయసులో అందం గోలేంటమ్మా, రేపో మాపో అమ్మమ్మవి అవుతావు." నాకున్నది ఒక్క కొడుకు, ఇంటర్ చదువుతున్నాడు. అమ్మమ్మని ఎట్టా అవుతానో ఆయనకే తెలియాలి. నేను అందం అన్న మాటే ఎత్తలేదు, దురద అన్నాను, రసి కారుతోంది అన్నాను. కుర్చీలోంచి లేవలేదు, ఒక్కసారి చూడలేదు. 500 ఫీజు. ఆటోలో ఇంటికొచ్చే దాకా చీర చెంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. అత్తయ్యకి చెప్తే ఆవిడ ఇంకో రాయి వేసింది, "నిండుగా ఉన్నప్పుడే కళగా ఉండేదానివి, చేజేతులా ఇట్టా గాలి తీసిన ట్యూబులా చేసుకున్నావు" అని. ఆ రోజు నుంచి ఆవిడతో అవసరానికి తప్ప మాట్లాడలేదు, మూడు నెలలు.

ఇక మా ఊరి బుడమేరు వాగు వరద.

2024 సెప్టెంబర్ 1 ఆదివారం. శ్రావణమాసం చివర, వినాయక చవితి వారంలో ఉంది, కింద గదిలో డెబ్బై పైన బ్లౌజులు, రెండు మిషన్లు, ఓవర్లాక్ మిషను. మేముండేది పైన. పొద్దున లేచేసరికి గడప దాటి నీళ్ళు, చూస్తుండగానే మోకాళ్ళు, నడుము. మా ఆయన లారీ తీసుకుని ఒంగోలు వైపు ఉన్నాడు. నేనూ మా బాబూ ఆ మురుగు నీళ్ళలో దిగి బ్లౌజులు, చీరలు మూటలు కట్టి పైకి మోశాం, మూడు గంటలు. మిషన్లు ఎత్తలేకపోయాం. నడుం దాకా నీళ్ళు, అందులో డ్రైనేజీ, చచ్చిన కుక్కలు, అన్నీ. ఒరుసుకుపోయి పచ్చిగా ఉన్న నా పొట్ట మడత ఆ నీళ్ళలోనే నానింది. అప్పుడు నాకు ఆ ధ్యాసే లేదు, పట్టుచీరలు పాడైతే ఎవరికి ఎంత కట్టాలో లెక్కలు వేసుకుంటున్నా.

సోమవారం మధ్యాహ్నానికి కరెంటు లేదు, తాగే నీళ్ళు అడుగంటాయి, పైన హెలికాప్టర్ తిరుగుతోంది, కృష్ణ మీద ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటిందని ఎవరో మేడ మీద నుంచి అరిచి చెప్తున్నారు. సాయంత్రం నాకు వణుకు మొదలైంది. మామూలు చలి కాదు, పళ్ళు కొట్టుకుంటున్నాయి, మంచం కదులుతోంది. పొట్ట కింద భాగం నిప్పు పెట్టినట్టు వేడి, చెయ్యి ఆనించనివ్వటం లేదు. ఇంట్లో రెండు పారాసిటమాల్ మాత్రలున్నాయి, ఒకటి వేసుకున్నా.

మూడు నెలలుగా మాట్లాడని అత్తయ్య ఫోన్ టార్చి పట్టుకొచ్చి నా పక్కన కూర్చుంది. చార్జింగ్ పదకొండు శాతం. నేను చీర తీయనన్నాను, ఆవిడ ముందు నా పొట్ట ఎప్పుడూ చూపించలేదు. "నా కూతురివైతే దాచేదానివా" అని తనే బొందు విప్పేసింది. చూసి ఏమీ అనలేదు. ఏమీ అనలేదు కాబట్టే నాకు భయమేసింది, ఆవిడ ఏదో ఒకటి అనకుండా ఉండే మనిషి కాదు.

ఎరుపు అరచేయంత ఉంది. అది పెరుగుతోందా లేదా నా భయమా అన్నది తేలటం లేదు. కుట్టేవాళ్ళకి గీత గీస్తే గానీ ఏదీ తేలదు కదా, మా బాబు బాల్ పెన్ను అడిగి ఎరుపు అంచు చుట్టూ నేనే గీత గీసుకున్నాను, చేతులు వణుకుతున్నా గీత వంకర పోలేదు, అది అలవాటు. పక్కన టైము రాశా, 9.10. పదకొండున్నరకి అత్తయ్య టార్చి వేసి చూసింది. ఎరుపు గీత దాటి రెండు వేళ్ళ వెడల్పు ముందుకొచ్చింది. ఇంకో గీత గీశాను. రెండింటికి అది కూడా దాటింది. ఆ గీతలు చూస్తుంటే, బుడమేరు కింద మెట్లెక్కుతోంది, ఇది నా ఒంట్లో మెట్లెక్కుతోంది అనిపించింది. అత్తయ్య అప్పుడు చీకట్లో కొండ ఉన్న వైపు తిరిగి దుర్గమ్మకి మొక్కింది, మెట్ల పూజ చేయిస్తా తల్లీ, కింద నుంచి పై దాకా ప్రతి మెట్టుకీ పసుపు కుంకుమ పెట్టిస్తా దీని చేత, బతికించు అని. నేను మనసులో ఆ డాక్టర్ని తిట్టుకుంటున్నా. దేవుణ్ణి తలుచుకోవాల్సిన టైములో నాకు వచ్చింది కోపమే, ఏం చేయను.

ఇరవై నంబర్లకి చేశాడు మా బాబు, ఫోన్ ఆరిపోయేదాకా. పొద్దున ఆరింటికి మేడ ఎక్కి ఎర్ర లంగా ఊపాడు, నా కస్టమర్ దే అది. పడవ వచ్చింది. పడవలో ఉన్న కుర్రాళ్ళు ఎవరో ఎక్కడి వాళ్ళో తెలియదు, నన్ను కుర్చీతో సహా దించారు, వాళ్ళలో ఒకడు "అక్కా, కళ్ళు మూసుకో, వాసన చూడకు" అన్నాడు. ఫ్లైఓవర్ దాకా పడవ, అక్కడి నుంచి అంబులెన్స్.

సెల్యులైటిస్ అన్నారు. చర్మం కింద బ్యాక్టీరియా పాకటం, రక్తంలోకి ఎక్కితే ప్రాణం మీదకే వస్తుందంట. డ్యూటీలో ఉన్న చిన్న డాక్టరమ్మాయి నా పొట్ట మీద గీతలు, పక్కన టైములు చూసి "ఇవి ఎవరు వేశారు" అని అడిగింది, నేనే అంటే "మేము కూడా ఇలాగే పెన్నుతో గీస్తామండీ, మా పని మీరే చేసుకొచ్చారు" అంది. ఆ మాటకి సెలైన్ కంటే ముందు ఓపికొచ్చింది నాకు. ఎనిమిది రోజులు నరానికి యాంటీబయాటిక్స్. ఆ అమ్మాయి రోజూ వచ్చి, మడత ఎత్తి, చూసి, తుడిచి, ఆరబెట్టి వెళ్ళేది, ముక్కు మూసుకోకుండా.

వేలాడే తోలు తీసే ఆపరేషన్ గురించి చెప్పింది కూడా ఆ పిల్లే. పానిక్యులెక్టమీ అంటారు, కిందికి వాలిన మడతని మాత్రం కోసేయటం. టమ్మీ టక్ వేరు, అందులో లోపల కండరాలు కూడా బిగిస్తారు. వెంటనే చెయ్యరు, బరువు కనీసం ఆరు నెలలు అటూ ఇటూ కాకుండా నిలబడాలి, ఇన్ఫెక్షన్ పూర్తిగా మానాలి. నాకు హిమోగ్లోబిన్ 8.9 ఉంది, ఐరన్ ఇంజెక్షన్లు ఎక్కించుకుని సంక్రాంతి అయ్యాక చేయించుకున్నా. ఇన్సూరెన్స్ వాళ్ళు మొదట కాస్మెటిక్ అని కొట్టేశారు. పాలసీలో కాస్మెటిక్ కి ఇవ్వరు, కానీ వైద్యపరంగా అవసరమైందని డాక్టర్ రాసిస్తే వేరే సంగతి. మళ్ళీ పెట్టాం, ఇంకా తేలలేదు. మీలో ఎవరికైనా ఇలా ఉంటే ర్యాష్ వచ్చిన ప్రతిసారీ తేదీతో ఫోటో తీసి పెట్టుకోండి, ప్రతి మందు చీటీ దాచండి. నేను ఫోటోలు తీయటానికి సిగ్గుపడ్డాను, ఆ సిగ్గుకి ఎంత ఖరీదు కడతానో ఇంకా తెలియదు.

ఆపరేషన్ ముందు రోజు సర్జన్ గారు నన్ను నిలబెట్టి మార్కర్ తో పొట్ట మీద గీతలు గీశారు, నడుం ఈ చివర నుంచి ఆ చివరకి. పడుకోబెట్టి గీస్తే తోలు పక్కకి జారిపోయి కొలత తప్పుతుందని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. నేనుండబట్టలేక "మార్జిన్ ఎంత వదులుతున్నారు సార్" అన్నా. ఆయన పెన్ను ఆపి నవ్వి, "మరీ ఎక్కువ కోస్తే కుట్లు లాగేస్తాయమ్మా, నువ్వు చెప్పక్కర్లేదు" అన్నారు. తీసింది మూడు కిలోల ఎనిమిది వందలు. రెండు పక్కలా పైపులు పెట్టి బాటిళ్ళు తగిలించారు, తొమ్మిది రోజులు. తర్వాత లోపల నీరు చేరింది, సిరంజీతో రెండుసార్లు తీశారు. రక్తం గడ్డ కట్టకుండా రెండో రోజే నడిపించారు, వంగి వంగి, ముసలమ్మలా. బాగా నొప్పి. ఎవరన్నా నొప్పుండదు అంటే నమ్మొద్దు.

కుట్టు చూశాను. ఒక మూల కొంచెం ముడత పడింది, నేనైతే విప్పి మళ్ళీ వేసేదాన్ని. కానీ మడత లేదు. పొట్ట కింద పొడిగా ఉంది. ఆ పొడితనం ఎంత సుఖమో మామూలు పొట్ట ఉన్నవాళ్ళకి ఎట్టా చెప్పను.

చేతులు, తొడలు అలాగే ఉన్నాయి, వాటిని ఇక కోయించుకోను, మోచేతి దాకా చేతుల బ్లౌజులు కుట్టుకుంటున్నా, ఇప్పుడు ఫ్యాషన్ కూడా అదే. ఆపరేషన్ దాకా వెళ్ళనివాళ్ళకి ఒక్కటే చెప్తా, స్నానం అయ్యాక మడత లోపల మెత్తటి కాటన్ తో అద్దండి, రుద్దొద్దు, హెయిర్ డ్రయ్యర్ ఉంటే చల్లగాలి పెట్టి ఆరబెట్టండి, పొడి కాటన్ గుడ్డ మడతలో పెట్టుకోండి, లంగా బొందు బదులు వెడల్పు పట్టీ కుట్టించుకోండి, దాన్ని నడుం పైకి కట్టుకోండి. ఎరుపు వేడెక్కి పాకుతుంటే, జ్వరం వస్తే, తెల్లారేదాకా ఆగొద్దు. గీత గీయండి, గీసి కూర్చోవద్దు, బయల్దేరండి. డాక్టర్ లేచి చూడకపోతే మీరే లేచి ఇంకో డాక్టర్ దగ్గరికి వెళ్ళండి.

ఇప్పుడు ఏప్రిల్. ఈ ఎండల్లో ఆపరేషన్ తర్వాత పొట్టకి వేసిన బిగుతు బెల్టు ఇంకో రెండు వారాలు వేసుకోవాలి, అప్పటిదాకా కొండ మెట్లు ఎక్కొద్దన్నారు. మొన్న శుక్రవారం అత్తయ్య పసుపు డబ్బా, కుంకుమ భరిణె పట్టుకుని పొద్దున్నే కొండకి వెళ్ళింది. మధ్యాహ్నం నడుం పట్టుకుని వచ్చి కూర్చుని, "పది మెట్లకి పెట్టొచ్చానే, మిగతావి నీవి" అంది. నేను నోట్ బుక్ తీసి, నా పేరు రాసి, నడుం కొలత రాసుకున్నా. 34. బెల్టు మీద నుంచి.